మిగిలిన ఊలుతో ఒక దుప్పటి

ఫిబ్రవరి చివర్లో ఒక ఉదయం చెత్తడబ్బా రోడ్డు పక్కన పెట్టడానికి వెళ్లి వచ్చాను. వంటింట్లో నా భార్య సునీత నా కాళ్లకేసి చూసి, ఈ చలిలో ఒట్టికాళ్లతో ఎందుకు వెళ్లావని అడిగింది. నేను చెప్పులు వేసుకునే ఉన్నాననుకున్నాను. కిందికి చూస్తే లేవు. పాదాలకు దళసరి మేజోళ్లు తొడిగినట్టూ, వాటి లోపల చీమలు పాకుతున్నట్టూ ఉంది. అంతకుముందు వారమే కడుపులో బాగోలేక మంచం పట్టి లేచాను. ఆ నీరసమే అనుకున్నాం.

మేముండేది అమెరికాలో, బెంటన్‌విల్ అనే ఊళ్లో. నేను డేటాబేస్ పని చేసే కాంట్రాక్టర్‌ని. సునీత పిల్లల డేకేర్‌లో పని చేస్తుంది. మా అమ్మాయి హాసినికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ సాయంత్రం మేడమెట్లు ఎక్కుతుంటే మోకాళ్లు నన్ను అడక్కుండానే మడుచుకున్నాయి. మర్నాడు ఆఫీసు పార్కింగ్ లాట్‌లో సీటు బెల్టు బటన్ నొక్కడానికి బొటనవేలికి బలం చాల్లేదు. ఎలాగో మోచేత్తో నొక్కి తలుపు తెరిచాను. కాలు కింద పెడితే నిలబడలేదు.

అదే బిల్డింగ్‌లో పనిచేసే బాషాకు ఫోన్ చేశాను. కర్నూలు కుర్రాడు, నాకంటే పదేళ్లు చిన్న. చక్రాల కుర్చీ ఎక్కడ దొరుకుతుందో తెలియక కాన్ఫరెన్స్ రూమ్‌లోంచి తిరిగే కుర్చీ ఒకటి లిఫ్ట్‌లో దించి, పార్కింగ్ లాట్ పొడుగునా గడగడలాడించుకుంటూ తోసుకొచ్చాడు. నన్ను అందులో కూర్చోబెట్టి తన కారు దాకా తీసుకెళ్లాడు. "అన్నా, కాళ్లు పైకి పెట్టుకో, ఈడ్చుకుపోతున్నాయి" అన్నాడు. పైకి పెట్టుకోలేనని అప్పుడే ఇద్దరికీ తెలిసింది.

హాస్పిటల్‌లో పరీక్షలయ్యాక, కడుపులో వచ్చిన జబ్బుతో పోరాడటానికి లేచిన ఒంటి రక్షణ బలగం, ఆ జబ్బు పోయాక కూడా ఆగకుండా నా నరాల మీదే పడిందని డాక్టరు చెప్పింది. దాని పేరు గియాన్-బారే సిండ్రోమ్. చాలామంది కోలుకుంటారనీ, కానీ ముందు ఇంకా దిగజారుతుందనీ, ఎంతవరకో తాను చెప్పలేననీ అంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఈ మాట మాత్రం చదివేవాళ్లకు చెప్పాలి. తిమ్మిరి పాదాల్లో మొదలై పైకి పాకుతుంటే ఇంట్లో కూర్చుని చూడకండి, వెంటనే హాస్పిటల్‌కు వెళ్లండి.

మార్చి అంతా ఐసీయూ. కాళ్లు, నడుము, చేతులు, ఆ తరవాత ముఖం. ఒక్కొక్కటీ నాది కాకుండా పోయింది. నొప్పి ఉండేది, కానీ భయం దాని గురించి కాదు. గదిలోకి ఒకతను వచ్చి గొట్టంలోకి ఊదమనేవాడు. ఊపిరికి ఎంత బలముందో అందులో తెలుస్తుంది. ఒక గీత కంటే కిందికి పోతే ఊపిరి ఆడించే మెషిన్ పెట్టాలి. అతను వచ్చిన ప్రతిసారీ సునీత కిటికీ వైపు తిరిగి నిలబడేది. నేను అతని ముఖం చూస్తూ ఊదేవాణ్ణి. అతని పేరు డీన్. నేను ఊదాక ఏ సంఖ్య వచ్చిందో ముందు నాకు చెప్పి, తరవాతే రాసుకునేవాడు. రోగిని గౌరవించడమంటే ఏమిటో నాకు ఆ పద్ధతిలో అర్థమైంది. ఆ సంఖ్య గీత దాకా దిగి అక్కడే ఆగింది. మెషిన్ అవసరం పడలేదు.

మంచం మీద చెయ్యి పక్కన పడి ఉండేది. ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువును చూసినట్టు దాన్ని చూసేవాణ్ణి. ఇది విచారంతో చెప్పడం లేదు. ఆ రోజుల్లో నాకు విచారం కూడా పూర్తిగా అందేది కాదు. పక్క గదిలో ఎవరికో జరుగుతున్నది వింటున్నట్టుండేది.

సునీత వెయిటింగ్ రూమ్ గురించి తరవాతెప్పుడో చెప్పింది. అక్కడ టీవీలో ఎప్పుడూ వంటల పోటీ నడుస్తూ ఉండేదట. ఆమె మూడు రోజులు ఒకే స్వెటర్‌లో ఉండటం చూసి, గుండె ఆపరేషన్ అయిన భర్త కోసం వచ్చిన ఒక ముసలావిడ తన ఫోన్ ఛార్జర్ ఇచ్చి, మధ్యాహ్నం ఒక సబ్బూ టూత్‌బ్రష్షూ కొని తెచ్చిందట. ఒకరి పేరు ఒకరు అడగలేదు.

హాసినిని మొదట్లో తీసుకురాలేదు. నెలాఖర్లో తీసుకొచ్చారు. అప్పటికి నా ముఖంలో ఏ భాగమూ కదలడం లేదు. కళ్లు పూర్తిగా మూతపడేవి కావు, పెదవులు సాగేవి కావు. అది తలుపు దగ్గరే నిలబడి చాలాసేపు నన్ను చూసింది. ఆ తరవాత వాళ్లమ్మ వెనక్కి జరిగి, "నాన్నా, నువ్వు నా మీద మ్యాడ్‌గా ఉన్నావా?" అంది.

లేదన్నాను. నా మాట ముద్దగా వచ్చింది. నాన్నకు ఇప్పుడు నవ్వు రాదనీ, లోపల నవ్వుతున్నాడనీ సునీత చెప్పింది. హాసిని నమ్మినట్టు తల ఊపింది కానీ నమ్మలేదు. దారిలో కారులో ఏడ్చిందట. ఆ మాట సునీత నాకు చాలా నెలలు చెప్పలేదు.

ఏప్రిల్‌లో నన్ను వ్యాయామాలతో మళ్లీ లేపి నిలబెట్టే రిహాబ్‌కు మార్చారు. జబ్బు పైకి పాకడం ఆగింది. ఇక వచ్చిన దారినే వెనక్కి పోవాలి. పోతుందో లేదో, ఎంత పోతుందో ఎవరూ చెప్పరు. రోజూ పొద్దున్న నన్ను బెల్టులతో నిలబెట్టేవారు. కూర్చోవడం మళ్లీ నేర్చుకున్నాను. తిండి సునీత తినిపించేది, గడ్డం గీసేది, ముక్కు తుడిచేది. ప్రతిదానికీ నేను థాంక్స్ చెప్పేవాణ్ణి.

ఒకరోజు ఇడ్లీ తినిపిస్తూ చెంచా గిన్నెలో పడేసింది. "ప్లీజ్, ఇంకోసారి థాంక్స్ అనకు. నేను ఇక్కడ షిఫ్ట్ చేస్తున్నట్టుంది" అంది.

మరేమనాలో నాకు తెలియదన్నాను. ఉప్పు తక్కువైందను, వేడిగా లేదను, నాతో పోట్లాడు, ఇంట్లో ఉన్నట్టు ఉండు అంది. ఆ ఇడ్లీలో నిజంగానే ఉప్పు తక్కువైంది. చెప్పాను. అయితే రేపు నువ్వే చేసుకో అని, తరవాతి ముక్క నోట్లో పెట్టింది. పక్క మంచం ఆయన తన భార్యను ఏమైందని అడిగాడు. వాళ్లు పోట్లాడుకుంటున్నారు, బాగానే ఉన్నారు అందావిడ.

ఆ వారమే హైదరాబాద్ నుంచి సునీత అన్నయ్య ఫోన్ చేశాడు. అక్కడ ఒంటరిగా ఎందుకు చావడం, ఇక్కడైతే మనుషులున్నారు, అందరూ వచ్చేయండి అన్నాడు. ఆయన మాటలో ప్రేమ ఉంది, తప్పు కూడా లేదు. నా లీవ్ అయిపోవస్తోంది. ప్రాజెక్ట్ పోతే వీసా పోతుంది, దాంతోపాటు ఇన్సూరెన్స్ పోతుంది, ఈ బెల్టులూ ఈ నిలబడటమూ సగంలో ఆగిపోతాయి. ఇక్కడుండి తీరాలన్నా, వెళ్లి తీరాలన్నా కారణం అదే. సునీత ఫోన్ స్పీకర్‌లో పెట్టింది, నేను వినాలని. "అన్నయ్యా, ఆయన నిలబడ్డాక ఆయన్నే అడుగుదాం. పడుకున్న మనిషి గురించి నేను డిసైడ్ చేయను" అంది. ఆయనకు కోపం వచ్చింది. రెండు నెలలు మాట్లాడలేదు.

మే నాటికి వాకర్‌తో నాలుగు అడుగులు వేస్తున్నాను. ముఖం కదలడం మొదలైంది, ముందు కుడివైపు. చేతులు మాత్రం వెనకబడ్డాయి. గుప్పిట మూసేవాణ్ణి కానీ అందులో ఏముందో తెలిసేది కాదు. కాఫీ కప్పు పట్టుకున్నానో లేదో చూసి తెలుసుకోవాల్సిందే.

చేతుల వ్యాయామం చూసే థెరపిస్టు బెవర్లీ. అరవై దాటిన మనిషి, మెడలో కళ్లజోడు తాడు. రబ్బరు ముద్దలూ, చెక్క మేకులు గుచ్చే బోర్డులూ అయ్యాక ఒకరోజు పెద్ద ప్లాస్టిక్ పెట్టె తెచ్చింది. నిండా ఊలు. అన్నీ మిగిలిపోయినవే. కొన్ని నిమ్మకాయంత ఉండలు, కొన్ని చిక్కుపడిన పోగులు. ఊళ్లో ఎవరి స్వెటరో, ఎవరి టోపీయో అయిపోగా మిగిలితే పారేయబుద్ధికాక తెచ్చి ఇస్తారట. నా చేతికి వేలంత లావు చెక్క సూదులు రెండు ఇచ్చి, అల్లమంది.

మా ఇంట్లో ఊలు అల్లింది మా అత్త ఒక్కతే. ఆమె సూదులు ముట్టుకుంటే కోప్పడేది. నాకు రాదని చెప్పాను. రాకపోవడమే మంచిది, వచ్చినవాళ్లు పాత వేగం కోసం ఏడుస్తారు అంది బెవర్లీ.

మొదటి రోజు ఆమె సూది మీదకి ఎనిమిది కుట్లు ఎక్కించి ఇచ్చింది. ఒక వరస అల్లడానికి నాకు ఆ గంటంతా పట్టింది. సూది కుట్టులోంచి దూర్చాలి, ఊలు చుట్టాలి, బయటికి లాగాలి, పాతది వదలాలి. వేళ్లకు తెలియదు కాబట్టి ప్రతిదీ కళ్లతో చెయ్యాలి. చెమట పట్టింది. చివర్లో రెండు కుట్లు జారిపోయాయి. బెవర్లీ వాటిని సరిచేయలేదు. అలాగే ముందుకు వెళ్లమంది. ఆ పెట్టె చూస్తే స్వెటర్‌కు సరిపడా ఒకే రంగు ఏదీ లేదు కనక, దుప్పటి అల్లుదామనుకున్నాం. అంత వెడల్పు నేను పట్టుకోలేను. అరచెయ్యంత వెడల్పు పట్టీలుగా అల్లి, చివర అన్నీ కలిపి కుట్టేద్దామంది. ఒక రంగు అయిపోతే ఇంకోటి ముడేసుకోవడం. ఎంచుకునేందుకేమీ లేదు. పైన ఏది ఉంటే అదే.

అది నాకు బాగా నప్పింది. ఆ రోజుల్లో ఎవరు ఏది అడిగినా నేను ఏదో ఒకటి నిర్ణయించాలి. అక్కడ మాత్రం పసుపు అయిపోతే గోధుమరంగు వచ్చేది, అంతే.

జూన్‌లో ఇంటికి వచ్చాను. వారానికి రెండుసార్లు సునీత నన్ను థెరపీకి డ్రైవ్ చేసి తీసుకెళ్లి, డేకేర్‌కు వెళ్లి మళ్లీ వచ్చేది. ఆమె వచ్చేదాకా వెయిటింగ్ రూమ్‌లో కూర్చుని అల్లేవాణ్ణి. మొదటి రోజుల్లో నన్ను చూసి మగవాళ్లు మర్యాదగా చూపు తిప్పుకునేవారు. ఒక పెద్దాయన మాత్రం తిప్పుకోలేదు. ఎదురు కుర్చీలో కూర్చుని నా సూదులనే చూసేవాడు. భుజానికి ఆపరేషన్ అయి వస్తున్నాడు. పేరు ఎర్ల్. ముప్పై ఏళ్లు ట్రక్కు నడిపాడట. ఆ పెట్టెలో సగం ఊలు తానే తెచ్చిచ్చానన్నాడు. అంతా ఆయన భార్య మార్తాది. ఆవిడ పోయి ఏడాది దాటింది.

తరవాతి వారం ఎర్ల్ ఒక కిరాణా సంచీ పట్టుకొచ్చాడు. అందులో మబ్బురంగు స్వెటర్. వీపు భాగం పూర్తయింది, ఒక చెయ్యి మోచేతి దాకా వచ్చింది, సూదులు ఇంకా దానికే ఉన్నాయి. మార్తా ఆయన కోసం అల్లుతూ వదిలి వెళ్లినదట. దీన్ని విప్పేసి మీ దుప్పటిలో కలుపుకోండి అన్నాడు.

నేను వద్దన్నాను. అది మిగిలిపోయిన ఊలు కాదన్నాను. ఎర్ల్ సంచీని నా వైపే జరిపి చెప్పాడు. "సగం స్వెటర్‌ను ఎవరూ తొడుక్కోలేరు. బీరువాలో ఉంటే రోజూ కనిపిస్తుంది. నేనే విప్పుదామని రెండుసార్లు కూర్చున్నాను. నా వల్ల కాలేదు. నువ్వు ఆమెను ఎరగవు. నువ్వు విప్పగలవు."

బెవర్లీని అడిగాను. లాగడం చేతికి మంచి పనే అంది. వెయిటింగ్ రూమ్‌లో చిన్న బల్లకు అటూ ఇటూ కూర్చున్నాం. ఎర్ల్ మోచేతులు బల్లకు ఆనించి అరచేతులు ఎదురెదురుగా పెట్టాడు. భుజం అంతకంటే పైకి లేవదు. నేను సూది తీసేసి, చివర పోగు దొరకబుచ్చుకుని లాగడం మొదలుపెట్టాను. వరస వెంట వరస ఊడి వస్తోంది. ఊలు నూడుల్స్‌లా వంకీలు తిరిగి ఉంది. దాన్ని ఎర్ల్ చేతుల చుట్టూ చుడుతున్నాను. ఒక నర్సు పేరు పిలవడానికి వచ్చి, మమ్మల్ని చూసి, ముందు వేరేవాళ్లను పిలిచింది.

చెయ్యి భాగం అయిపోయి వీపు మొదలైంది. ఉన్నట్టుండి నా చూపుడువేలి చివర ఏదో గీరింది. ఆగిపోయాను. మళ్లీ లాగాను. మళ్లీ గీరింది. ఎర్ల్ ఏమిటని అడిగాడు.

"గరుకుగా ఉంది" అన్నాను.

"మార్తా కూడా అదే అనేది" అన్నాడు ఎర్ల్. "రంగు నచ్చి నేనే కొనిపించాను."

ఆయనకు నా వేలి సంగతి తెలియదు. చెప్పాను. ఆయన చేతులు ఊలుతో కట్టేసి ఉన్నాయి కనక కదపలేదు. అయితే కానివ్వు, మిగతాది కూడా లాగు అన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. అది నా వేలి కోసమో మార్తా కోసమో నేను ఆలోచించలేదు. మిగతాది లాగాను.

కారులో సునీతకు చెప్పాను. ఇంటికి రాగానే నన్ను వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది. వేలి కింద ఒక్కొక్కటీ పెట్టి ఏమిటో చెప్పమంది. కందిపప్పు తెలిసింది. మెంతులు తెలిశాయి. ఆవాలు తెలియలేదు, రవ్వ అసలే తెలియలేదు. హాసినికి అది ఆటయింది. వేసవి సెలవులంతా నా కళ్లకు చున్నీ కట్టి వంటింటి డబ్బాలన్నీ తెరిచేది. తప్పు చెబితే నవ్వేది, నేనూ నవ్వేవాణ్ణి. ఎడమవైపు పెదవి కాస్త ఆలస్యంగా వచ్చి కలిసేది.

జులైలో పనిలోకి వచ్చాను, ఇంటి నుంచి సగం పూట. లీవ్ అయిపోయాక కూడా ప్రాజెక్ట్ నిలబడిందంటే కారణం బాషా. వేళ కాని వేళ పిలిస్తే పలికే ఆన్-కాల్ డ్యూటీ నా వంతు కూడా అతనే చేసి, మీటింగుల్లో నా పేరు తీసేయనివ్వకుండా కాపాడాడు. మొదట నోటితో చెప్పి టైప్ చేయించేవాణ్ణి. నా ఇంగ్లీషు విని కంప్యూటర్ ఏదేదో రాసేది. తరవాత రెండు వేళ్లు, ఆపైన ఆరు. వెళ్లిపోదామా ఉందామా అని సునీత తన మాట ప్రకారం నేను నిలబడ్డాకే అడిగింది. ఉందామన్నాను. సరే అని వాళ్లన్నయ్యకు ఫోన్ చేసింది. ఆయన నా గొంతు వినాలన్నాడు. ఇద్దరం చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

అక్టోబర్‌లో పట్టీలు చాలినన్ని అయ్యాయి. నేలమీద పరిచి చూశాం. మే నెల పట్టీలో వేలు దూరేంత కన్నాలు, అంచులు పాములా వంకర. చివరివి బిగువుగా, తిన్నగా ఉన్నాయి. రంగులకు ఒక వరసంటూ లేదు. సునీత కుట్టి కలిపింది. పిల్లిని కూడా దానిమీద పడుకోనివ్వనని హాసిని ప్రకటించింది. మాకు పిల్లి లేదు. మబ్బురంగు పట్టీని ఎర్ల్‌కు చూపించాను. వేలితో ఒకసారి నిమిరి, ఇంకా గరుకుగానే ఉంది అన్నాడు.

ఇప్పుడు నేను నడుస్తున్నాను. ఎడమ పాదం ఎత్తడానికి బూటులో చిన్న పట్టా ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి అలసిపోతాను. చిటికెనవేళ్లకు ఇంకా సరిగ్గా తెలియదు. పూర్తిగా వస్తుందా అని డాక్టర్లను అడగడం మానేశాను.

నవంబర్ మొదట్లో బెవర్లీ ఫోన్ చేసింది. నాలాంటి జబ్బుతోనే ఒక కుర్రవాడు రిహాబ్‌కు వచ్చాడనీ, మెషిన్ మీదుండి బయటపడ్డాడనీ, ఎవరితోనూ మాట్లాడటం లేదనీ చెప్పి, ఒకసారి రాగలరా అని అడిగింది. దుప్పటి అతనికిద్దామని సునీత అంది. ఇద్దరం వెళ్లాం.

అతని పేరు జెల్టన్. ఎక్కడో మహాసముద్రం మధ్యనున్న మార్షల్ దీవుల వాళ్లు. పక్క ఊళ్లలో వాళ్ల కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇరవై రెండేళ్లుంటాయి. కోళ్ల ఫ్యాక్టరీలో పని. పక్కన వాళ్లమ్మ కూర్చుని ఉంది. ఆమెకు ఇంగ్లీషు అంతగా రాదు. అతని పాదాలు హాస్పిటల్ దుప్పటి బయట ఉన్నాయి. నాకు అర్థమైంది. ఈ జబ్బులో కొన్నాళ్లు పాదాలకు పలచటి గుడ్డ తగిలినా నిప్పు తగిలినట్టుంటుంది. కప్పుకో అని ప్రేమతో కప్పేవాళ్లకు అది తెలియదు. సునీత మా దుప్పటి మడతవిప్పి అతని మీద కప్పబోతుంటే చెయ్యి అడ్డుపెట్టాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, దాన్ని తీసుకెళ్లి వాళ్లమ్మ ఒళ్లో పెట్టింది. ఆ గది చల్లగా ఉంది. ఆవిడ చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంది.

ఆవిడ ఆ రంగులు చూసి, కన్నాల్లో వేళ్లు దూర్చి చూసి, ఎవరు చేశారని సైగ చేసింది. సునీత నన్ను చూపించింది. నాకూ ఇదే జబ్బు వచ్చిందని నేను జెల్టన్‌తో చెప్పాను. అంతా సర్దుకుంటుందని చెప్పలేదు. నాకు అలా చెప్పినవాళ్ల పేర్లు నాకు గుర్తులేవు. మొన్న వసంతంలో నేనూ వేలు కదపలేకపోయానని మాత్రం చెప్పాను. అతను ఆ మాట వాళ్ల భాషలో తల్లికి చెప్పాడు.

ఆవిడ లేచి వచ్చి నా కుడిచేయి పట్టుకుంది. అటూ ఇటూ తిప్పి, గోళ్లు చూసి, అరచేయి చూసింది. ఆ తరవాత దాన్ని మంచం దగ్గరికి లాక్కెళ్లి కొడుకు కళ్ల ముందు పెట్టి ఏదో అంది. ఏమందో నాకు తెలియలేదు. వేళ్లు మూసి, మెల్లగా తెరిచాను.

జెల్టన్ చాలాసేపు చూశాడు. "ఇంకోసారి" అన్నాడు.

మళ్లీ మూసి తెరిచాను.